విరహ పద్యాన్ని విప్పి చదవడం ఎలా?

పురాణ పద్యాల్లో ఎడబాటు, ఎదురుచూపు, వెతుకులాట కనబడగానే చాలామంది ఒక పని చేస్తారు. మల్లె అంటే స్వచ్ఛత, వెన్నెల అంటే విరహం, నెమలిపింఛం అంటే ప్రేమ అని పుస్తకం అంచున పెన్సిలుతో రాసుకుంటూ పోతారు. పరీక్షలో మార్కులకు అది పనికొస్తుందేమో గానీ పద్యం మాత్రం తలుపు తియ్యదు. ప్రతీక వస్తువులో దాక్కుని ఉండదు. ఎవరు, ఎవరిని, ఏ వేళప్పుడు, ఏమని అడుగుతున్నారో అక్కడ పుడుతుంది.

నెల్లూరు వాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో రొట్టెలు చేతులు మారడం చూసే ఉంటారు. ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, చదువు రొట్టె అంటారు. పిండి అదే, పెనం అదే. ఇంట్లో కంచంలో ఉన్నంతసేపు అది ఉత్త రొట్టె. కోరిక తీరినవాళ్లు నీళ్లలో నిలబడి, తీరాల్సినవాళ్ల చేతిలో పెట్టినప్పుడు అది కోరిక అవుతుంది. పద్యంలో మల్లెపొద కూడా అంతే. దాన్ని పలకరించిన మనిషి ఎవరో తెలియకపోతే అది ఉత్త మల్లెపొద.

ఈ పద్ధతిని ఒక్క పద్యం మీద అడుగడుగునా చేసి చూద్దాం. పద్యం మీకు వచ్చే ఉంటుంది. పోతన భాగవతం, దశమ స్కంధం, రాసలీలా ఘట్టం. మాయమైన కృష్ణుణ్ని గోపికలు వెతుక్కునే చోటిది.

నల్లనివాఁడు పద్మనయనంబులవాఁడు కృపారసంబు పైఁ
జల్లెడువాఁడు మౌళిపరిసర్పితపింఛమువాఁడు నవ్వు రా
జిల్లెడు మోమువాఁడొకఁడు చెల్వల మానధనంబుఁ దెచ్చె నో
మల్లియలార! మీ పొదలమాటున లేఁడుగదమ్మ! చెప్పరే!

1. ముందు రాగం లేకుండా చదవండి

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పద్యనాటకాల మోజు ఇంకా చావలేదు. హార్మోనియం వినబడితే చాలు, పద్యం రాగంలో పడి సాగిపోతుంది. వినడానికి బాగుంటుంది, కాదనను. కానీ ఈ పద్యం చివర ఒక ప్రశ్న ఉంది. నాలుగో పాదాన్ని అరనిమిషం సాగదీస్తే ఆ ప్రశ్న ఆలాపనలో కొట్టుకుపోతుంది. అందుకని మొదటిసారి ఎవరినో నిజంగా అడుగుతున్నట్టు, మామూలు గొంతుతో చదవండి. పాట తర్వాత పాడుకోవచ్చు.

చదివేటప్పుడు రెండు చోట్ల చెవి పెట్టండి. ఇది ఉత్పలమాల, పాదానికి ఇరవై అక్షరాలు. పదో అక్షరం దగ్గర యతి, అంటే పాదం మొదటి అక్షరంతో జత కుదిరే చోటు, పడుతుంది: న దగ్గర మొదలైన పాదం నం దగ్గర, మ దగ్గర మొదలైంది మా దగ్గర గొంతు కలుపుతాయి. రెండో అక్షరం ప్రాస. నల్ల, చల్లె, జిల్లె, మల్లి: నాలుగు పాదాల్లోనూ అదే ల్ల. ఛందస్సు తెలియని వాళ్లకు కూడా ఆ మోత వినబడుతుంది. ఆ ప్రాస నలుపుతో మొదలై తెలుపు దగ్గర తేలిందని గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

2. సంధులు విడగొట్టండి, ఒక బోల్తా ఉంది

పైఁ జల్లెడు అంటే పైన చల్లెడు. మోమువాఁడొకఁడు అంటే మోమువాడు, ఒకడు. ఇవి తేలిక. మూడో పాదం చివర మాత్రం జాగ్రత్త. అక్కడ "దెచ్చె నో" అని విని, "దెచ్చెనో ఏమో" అన్న సందేహంగా తీసుకునేవాళ్లున్నారు. అది సందేహం కాదు. "తెచ్చెను. ఓ మల్లియలారా!" అని విడగొట్టాలి. దోచుకుపోయాడన్న సంగతిలో ఆ ఆడవాళ్లకు అనుమానమేమీ లేదు. ఎక్కడున్నాడన్నదే తెలియాలి. ఈ ఒక్క సంధి తప్పితే పద్యంలోని ధైర్యమంతా జారిపోయి, అంతటా బేలతనమే కనిపిస్తుంది.

మాట అర్థం దొరక్కపోతే శబ్దరత్నాకరం నిఘంటువు తియ్యండి, లేదా తాత్పర్యం ఉన్న పుస్తకం దగ్గర పెట్టుకోండి. కానీ తాత్పర్యాన్ని పద్యం చదివాకే చూడండి. ముందే చూస్తే కళ్లు అక్కడే ఆగిపోతాయి.

3. మీ ఇంటి మాటల్లో చెప్పండి

అన్వయం రాయమంటే అందరూ గ్రాంథికంలోకి పోతారు. వద్దు. మీ ఇంట్లో మీ అవ్వ ఎలా అడుగుతుందో అలా చెప్పండి. కావలిలోనో కందుకూరులోనో అయితే ఇట్లా ఉంటుంది:

"నల్లంగా ఉంటాడమ్మా. తామరపూల మాదిరి కళ్లు. చూస్తే చాలు, దయ పైన చల్లినట్టుంటాది. నెత్తిన నెమలిపింఛం ఊగతా ఉంటాది. ఎప్పుడూ నవ్వు మొకమే. అట్టాంటోడు ఒకడు ఆడోళ్ల మానమంతా ఎత్తకపోయినాడు. ఏమ్మా మల్లెల్లారా, మీ పొదల చాటున గానీ లేడు గదా? చెప్పండమ్మా!"

ఇలా చెప్పగానే పుస్తకంలో కనబడనివి మూడు కనబడతాయి. ఒకటి, పూలను "అమ్మ" అని పిలుస్తున్నారు. పొరుగింటి ఆడవాళ్లతో మాట్లాడే వరస అది. రెండు, "ఉన్నాడా?" అని అడగలేదు, "లేడు గదా?" అని అడిగారు. తప్పిపోయిన పిల్లవాడి కోసం వీధి వెంట పోయే తల్లి కూడా ఇలాగే అడుగుతుంది, "మీ ఇంటికి గానీ రాలేదు గదా?" అని. లేడన్న జవాబుకు మనసును ముందే సిద్ధం చేసుకుని, ఉన్నాడనిపించుకోవాలని వేసే ప్రశ్న అది. మూడు, పద్యం మొత్తంలో పేరు లేదు. ఇది అన్నిటికంటే పెద్దది. దీనికి వేరే అడుగు కావాలి.

4. ఎవరు, ఎవరిని, ఎప్పుడు

ప్రతీకల జోలికి పోకముందు ఈ మూడింటికి జవాబు రాసుకోండి. అడిగేది గోపికలు. అడగబడేది మల్లెపొదలు. వేళ శరత్కాలపు రాత్రి, నిండు చంద్రుడు, యమున ఒడ్డు.

దానికి ముందు ఏం జరిగిందో కూడా ఒక వాక్యంలో రాసుకోండి. కృష్ణుడు వాళ్లతోనే ఉన్నాడు. తమంతటి వాళ్లు లేరని వాళ్లకు గర్వం, మానం తలెత్తాయి. వాటిని అణచడానికి, వాళ్లను అనుగ్రహించడానికి అక్కడికక్కడే మాయమయ్యాడు. వ్యాసుడి సంస్కృత మూలంలో ఈ రెండు కారణాలూ పక్కపక్కనే ఉన్నాయి. కాబట్టి ఇది దూరదేశం పోయినవాడి కోసం ఎదురుచూపు కాదు. ఇప్పుడే చేతికందే దూరంలో ఉన్నవాడు లేకుండా పోవడం. వెతుకులాటలో ఆ తొందర అందుకే.

ఆ వెంటనే వ్యాసుడు ఒక చిత్రమైన మాట అంటాడు. వాళ్లు పిచ్చివాళ్లలా అడవి నుంచి అడవికి తిరుగుతూ, ఆకాశంలా అన్ని ప్రాణుల లోపలా బయటా ఉన్న పురుషుడి గురించి చెట్లను అడిగారట. అంటే ఏ చెట్టును అడుగుతున్నారో ఆ చెట్టులోనే అతను ఉన్నాడు. ఈ సంగతి చదివే మనకు తెలుసు, అడిగే గోపికలకు తోచదు. "పొదలమాటున లేడుగదమ్మ" అన్న ప్రశ్నకు సరైన జవాబు "మాటున లేడు, లోపలున్నాడు" అని. పోతన తన పద్యంలో ఈ తత్త్వం ఒక్క ముక్క కూడా చెప్పలేదు. చెప్పకపోవడమే మంచిదైందని నా అభిప్రాయం. చెప్పి ఉంటే వెతుకులాటలో వేడి చల్లారేది.

5. ఆనవాళ్లను వరసగా రాయండి

వాడు, వాడు, వాడు, వాడు, వాడు: అయిదుసార్లు. ఒంటి రంగు, కళ్లు, చూపులోని దయ, తలమీద పింఛం, మొహంలో నవ్వు. అయిదు ఆనవాళ్లు ఇంత గట్టిగా చెప్పి, చివరికి "ఒకడు" అంటారు. ఊరికి కొత్తవాణ్ని అన్నట్టు, ఎవడో ఒకడు. రాత్రింబగళ్లు ఎవరి పేరు జపించారో ఆ పేరు పెదవి దాటలేదు. అలక కావచ్చు, బెంగ కావచ్చు, పేరు పలికితే ఏడుపు ఆగదన్న భయం కావచ్చు. ఏదో ఒకటే అని తేల్చకండి, పద్యం తేల్చలేదు.

ఇప్పుడు ఆనవాళ్లను రెండు వరసల్లో పెట్టండి. ఒక పక్క అతను ఇచ్చేవి: కృపారసం పైన చల్లుతాడు, నవ్వు ఇస్తాడు. ఇంకో పక్క తీసుకుపోయింది: చెల్వల మానధనం. వర్ణన అంతా పొగడ్త, ఆరోపణ మాత్రం దొంగతనం. ఒకే వాక్యంలో, ఊపిరి తిప్పుకోకుండా రెండూ. విరహ పద్యం చేతికొచ్చినప్పుడల్లా ఈ రెండు వరసలు గీసి చూడండి. ఉత్త పొగడ్తే ఉంటే అది స్తుతి. ఉత్త ఫిర్యాదే ఉంటే అది తగవు. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని వేలాడుతుంటే అక్కడ విరహం ఉంది.

నవ్వుకూ దొంగతనానికీ చుట్టరికం మూలంలోనే ఉంది. మానవతుల గర్వాన్ని హరించే చిరునవ్వు అని కృష్ణుడి నవ్వును వ్యాసుడు వర్ణించాడు. పోతన దాన్ని విడదీసి, నవ్వును ఆనవాళ్లలో, మానాన్ని పోయిన సొత్తులో వేశాడు. ఏ ఆయుధంతో దోచుకున్నాడో తెలియనట్టే అమాయకంగా ఉంటుంది తెలుగు పద్యం.

6. రుతువు సరిచూడండి, మన రుతువుతో కాదు

ఇక్కడ నెల్లూరు, ప్రకాశం పాఠకులు కాస్త ఎక్కువసేపు ఆగాలి. ఈ అడుగు తప్పితే పద్యంలోని అసలు చిత్రమే చేజారుతుంది.

శరత్తు అంటే ఆశ్వయుజం, కార్తీకం. మనకు ఆ రోజులు ఎలా ఉంటాయి? అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన పెద్ద వానలు అప్పుడే. ఈశాన్య రుతుపవనాలు దిగుతాయి, బంగాళాఖాతంలో వాయుగుండమని రేడియో చెబుతుంది, కృష్ణపట్నం ఓడరేవులో ప్రమాద సూచిక ఎగరేస్తారు, సోమశిల జలాశయం నిండుతుందా లేదా అని రైతులు లెక్కలు వేస్తారు. ఆకాశమంతా మబ్బు. కార్తీక పున్నమి నాడు చంద్రుడు కనబడితే అదృష్టమే.

యమున ఒడ్డున అలా కాదు. అక్కడ వానలు నైరుతి రుతుపవనాలవి. శరత్తు వచ్చేసరికి అవి వెనక్కి మళ్లిపోయి ఉంటాయి. ఆకాశం కడిగినట్టు, మబ్బుతునక లేకుండా ఉంటుంది. సంస్కృత కావ్యాల్లోనూ, వాటి బాటలో నడిచిన తెలుగు కావ్యాల్లోనూ శరత్తు అంటే ఆ నిర్మలాకాశమే. ఎఱ్ఱన సంగతి చూడండి. గుడ్లూరు వాడని ప్రసిద్ధి. ప్రకాశం, నెల్లూరు జిల్లాల మధ్య చేతులు మారిన ఊరది. మహాభారతంలో నన్నయ ఆపిన చోట అరణ్యపర్వం అందుకుంటూ ఆయన రాసిన శరత్కాలపు ఉదయంలో, పొద్దులు "నిరస్త నీరదావరణములై" వెలిగాయంటాడు. మేఘాల కప్పు తొలగిపోయిందని. మన సముద్రతీరంలో కార్తీకపు ముసురు ఎరిగినవాడై ఉండి కూడా కావ్యంలో శరత్తును మబ్బు లేకుండానే రాశాడు. కవుల శరత్తు వేరు, మన పొలంగట్టు మీది శరత్తు వేరు. చదివేటప్పుడు మొదటిదాన్నే వాడాలి.

ఇప్పుడు ఆ ఆకాశం కింద ఆనవాళ్లు మళ్లీ చదవండి. నల్లనివాడు. పైన చల్లేవాడు, చల్లేది రసం. నెమలిపింఛం ఉన్నవాడు. మెరిసే నవ్వున్నవాడు. నలుపు, చిలకరింపు, నెమలి, మెరుపు. ఇది మేఘం కాక ఇంకేమిటి! నీలమేఘశ్యాముడన్న బిరుదు మనందరి నోళ్లలో నానిందే కానీ ఈ పద్యంలో మేఘం అన్న మాట ఎక్కడా లేదు. దాని అవయవాలు మాత్రమే, ఒక్కో "వాడు" వెంట ఒక్కొక్కటి, విడివిడిగా ఉన్నాయి. మబ్బులే లేని రుతువులో, తెల్లటి వెన్నెల్లో, ఈ ఆడవాళ్లు ఒక నల్లటి మబ్బును వెతుక్కుంటున్నారు. వాన మబ్బులు ముసురుకున్న నెల్లూరు కార్తీకంలో కూర్చుని, రుతువు సంగతి పట్టించుకోకుండా చదివితే ఇది ఎప్పటికీ తట్టదు.

మల్లె సంగతీ ఇలాంటిదే. మల్లెలు మనకు ఎండాకాలం పూలు. రాసలీల మొదటి శ్లోకంలోనే వ్యాసుడు, ఆ శరద్రాత్రులు విచ్చుకున్న మల్లెలతో ఉన్నాయంటాడు. కాలం కాని కాలంలో పూసిన పూలు. అతను అక్కడ ఉన్నందుకే రుతువు కట్టు తప్పి పూశాయని అర్థం చేసుకోవచ్చు. అప్పుడు గోపికలు మల్లెలనే నిలదీయడానికి ఒక కారణం దొరుకుతుంది: మీ పూతే సాక్ష్యం, అతను ఇటు రాకుండా మీరు ఎలా పూశారు? మూలంలో మాలతిని, మల్లికను, జాజిని, యూథికను అడిగేటప్పుడు ఇంచుమించు ఇదే ఉంది. మాధవుడు చేత్తో తాకి మీకు ఆనందం కలిగిస్తూ ఇటు పోయాడా అని. ప్రశ్నలో కొంచెం అసూయ కూడా ఉంది.

7. దొరికిన ప్రతీకను పరీక్షకు పెట్టండి

మేఘం దొరికిందని సంబరపడి ఊరుకోకూడదు. ప్రతి ప్రతీకనూ మూడు ప్రశ్నలు అడగండి.

పద్యంలో ఒక్క మాటే దాన్ని మోస్తోందా, రెండు మూడు మాటలు కలిసి మోస్తున్నాయా? మేఘానికి నాలుగు మాటలు సాయం వచ్చాయి. కాబట్టి నిలబడుతుంది.

పద్యంలో దానికి ఎదురు తిరిగే మాట ఉందా? ఉంది. పద్మనయనాలు. మేఘానికి తామరకు పొత్తు కుదరదు, తామర శరత్తులో విరిసే పువ్వు. దాన్ని బలవంతంగా మేఘంలోకి తోసెయ్యకండి, పక్కన పెట్టండి. అయిదు ఆనవాళ్లలో నాలుగు కలిసి ఒకటి కలవకపోతే చదవడం తప్పని కాదు, ఆ ఒకటి వేరే పని చేస్తోందని.

ఈ ప్రతీకను తీసేస్తే పద్యంలో ఏమైనా తగ్గుతుందా? మేఘం తీసేస్తే రుతువుకూ మనిషికీ ఉన్న ముడి తెగిపోతుంది. తగ్గుతుంది. అదే, మల్లె తెలుపు కాబట్టి మనశ్శుద్ధి అన్నారనుకోండి. దాన్ని తీసేసినా పద్యం చెక్కుచెదరదు. అందుకని ఆ అర్థాన్ని నేను ఉంచను. తెలుపుకు ఇక్కడ వేరే పని ఉంది. తెల్లటి పూలపొద వెనక, వెన్నెల్లో, నల్లనివాడు దాక్కోవడం కష్టం. నల్ల దగ్గర మొదలైన ప్రాస మల్లి దగ్గర ఆగింది చూశారూ, ఆ రెండు రంగులను ఎదురెదురుగా నిలబెట్టిందది. దాక్కోవడానికి ఏ మాత్రం వీల్లేని చోట వెతుకుతున్నారు, అయినా కనబడలేదు.

వెన్నెల కనబడితే చాలు విరహం అనేవాళ్లకు నన్నయ పద్యం ఒకటి చూపించండి. ఎఱ్ఱన అందుకోకముందు ఆయన రాసిన చివరి పద్యం, "శారద రాత్రులు" అని మొదలయ్యేది. నక్షత్రాల హారాలు, కలువల వాసన మోసుకొచ్చే గాలి, కర్పూరప్పొడి చల్లినట్టు వెన్నెల, అన్నీ ఉన్నాయి. విరహం చుక్కంత కూడా లేదు. అడిగేవాళ్లు, అడగబడేవాళ్లు లేకపోవడమే కారణం. పద్యం రాత్రిని వర్ణిస్తోంది, ఎవరి కోసమూ వెతకడం లేదు.

8. ఏ రకం విరహమో పోల్చుకోండి

అలంకార శాస్త్రంలో విప్రలంభ శృంగారాన్ని, అంటే ఎడబాటులోని ప్రేమను, పూర్వరాగం, మానం, ప్రవాసం, కరుణం అని నాలుగుగా విడదీస్తారు. కలవకముందు బెంగ, అలక వల్ల ఎడం, దూరం పోవడం వల్ల ఎడం, మరణం అడ్డొచ్చి మళ్లీ కలుస్తామన్న ఆశ మిగిలిన ఎడం. మన్మథావస్థలని పది దశలూ చెబుతారు, చూపు కలవడం నుంచి మరణం దాకా. ఈ పేర్లు కంఠస్థం కానక్కర్లేదు, ఒక కాగితం మీద రాసి పుస్తకంలో పెట్టుకుంటే చాలు. చెట్లతో మాట్లాడటం ఉన్మాద దశ. వ్యాసుడు పిచ్చివాళ్లలా అని అన్నాడు కూడా.

రకం పోల్చుకోవడానికి సులువైన మార్గం, అదే కవి రాసిన ఇంకో ఎదురుచూపు పద్యాన్ని పక్కన పెట్టడం. రుక్మిణీ కల్యాణంలో, కృష్ణుడి దగ్గరికి పంపిన బ్రాహ్మణుడు ఇంకా తిరిగి రాలేదు, పెళ్లిముహూర్తం దగ్గరికొచ్చేసింది. రుక్మిణి ఇలా అనుకుంటుంది:

ఘనుఁడా భూసురుఁ డేగెనో నడుమ మార్గశ్రాంతుఁడై చిక్కెనో
విని కృష్ణుం డిది తప్పుగాఁ దలఁచెనో విచ్చేసెనో యీశ్వరుం
డనుకూలింపఁ దలంచునో తలఁపఁడో యార్యామహాదేవియున్
నను రక్షింప నెఱుంగునో యెఱుఁగదో నా భాగ్య మెట్లున్నదో!

గోపికల పద్యంలో "వాడు" మీద వాడు పడితే ఇక్కడ "నో" మీద నో పడింది. వాళ్లకు మనిషి తెలుసు, చోటు తెలియదు. ఈమెకు చోటు తెలుసు, మనిషి మనసు తెలియదు. వాళ్లు అడవిలో తిరుగుతున్నారు, ఈమె అంతఃపురం దాటలేదు. వాళ్లు పూలను అడిగారు, ఈమె తనను తానే అడుక్కుంటోంది. ఇది మత్తేభం, అడుగులు బరువుగా పడతాయి. ఈ పద్యంలో ప్రతీకలు వెతకబోయారంటే చేతులు ఖాళీగా వస్తాయి. పువ్వు లేదు, చంద్రుడు లేడు, పక్షి లేదు. అనుమానాల క్రమం ఉంది: ముందు బ్రాహ్మణుడి మీద, తర్వాత కృష్ణుడి మీద, తర్వాత దైవం మీద, చివరికి తన అదృష్టం మీద. దగ్గరి కారణం నుంచి దూరపు కారణానికి భయం పాకిపోతోంది. విరహ పద్యమన్నాక ప్రతీక ఉండి తీరాలన్న నియమమేమీ లేదని దీన్ని చూసి ఒప్పుకోవాలి.

9. ఒక చిత్రాన్ని పట్టుకుని కథ చివరిదాకా పోండి

పద్యాన్ని దాని చోటు నుంచి ఊడబెరికి చదవడం మనకు బాగా అలవాటైంది. శతకాలకు అది చెల్లుతుంది, పురాణానికి చెల్లదు. మానధనం సంగతి తీసుకోండి. గోపికలు పోయిందన్నది ధనం. ఆ చిత్రం అక్కడితో ఆగదు.

మూలంలో ఆ తర్వాత ఏమవుతుందంటే, రావి, జువ్వి, మర్రి, పొన్న, సంపెంగ, తులసి, మల్లె, మామిడి, పనస, నేరేడు అన్నిటినీ అడుగుతారు. ఒక్కటీ పలకదు. భూమిని అడుగుతారు. తామే కృష్ణులై ఆయన లీలలు ఆడతారు. చివరికి నేల మీద అడుగుజాడలు దొరుకుతాయి, వాటి పక్కన ఇంకొకామె జాడలు కూడా. అప్పుడొచ్చే కోపం వేరు. పందొమ్మిది శ్లోకాల గోపికాగీతం తర్వాత అతను నవ్వుతూ ప్రత్యక్షమవుతాడు. ఆనవాళ్లలో చివరిగా చెప్పిన ఆ నవ్వే ముందు కనబడుతుంది.

ఎందుకు మాయమయ్యావని వాళ్లు సూటిగా అడగరు. మెలిక పెట్టి అడుగుతారు. కొందరు ప్రేమించినవాళ్లనే ప్రేమిస్తారు, కొందరు ప్రేమించనివాళ్లనూ ప్రేమిస్తారు, ఇంకొందరు ఎవరినీ ప్రేమించరు, ఇదేమిటో చెప్పమని. అతని జవాబులో ఒక పోలిక ఉంది: పేదవాడికి ధనం దొరికి, పోతే, వాడికి ఆ ధనం తప్ప ఇంకో ఆలోచన ఉండదు, నన్ను కొలిచేవాళ్ల తలపు అలా నిలవాలనే కనబడకుండా పోతానని. మా ధనం పోయిందన్నారు వాళ్లు. అవును, పోయిన ధనాన్ని నేనేనన్నాడు అతను. దొంగా సొత్తూ ఒకడే అయ్యాడు. ఈ జవాబు న్యాయంగా ఉందా అన్నది వేరే సంగతి. నాకైతే గోపికల పక్షానే ఉండాలనిపిస్తుంది. ఏడిపించి, ఏడుపు మీ మంచికే అనడం దేవుడికైనా కొంచెం ఎక్కువే.

మీరు నోటు పుస్తకం పెట్టుకుంటే ఒక పేజీకి ఒక చిత్రం చొప్పున రాయండి: ధనం, నవ్వు, అడుగు. అది కనబడిన చోటల్లా సందర్భం ఒక వాక్యంలో చేర్చుకుంటూ పోండి. నలుగురు కలిసి చదివితే ఇంకా బాగా సాగుతుంది. ఒకరు పద్యం చదవాలి, ఒకరు ఇంటి మాటల్లో చెప్పాలి, ఒకరు "తీసేస్తే ఏమవుతుంది?" అని అడ్డం పడుతుండాలి. ఆ మూడో మనిషి లేకపోతే అందరూ కలిసి తలో ప్రతీక కనిపెట్టి ఇంటికి పోతారు.

10. ఇప్పుడు మీరు ఒక్కరే చెయ్యండి

భాగవతంలో ఈ మల్లెల పద్యం పక్కనే సీసపద్యం ఒకటి ఉంటుంది. "పున్నాగ! కానవే పున్నాగవందితుఁ, దిలకంబ! కానవే తిలకనిటలు" అని సాగుతుంది. చెట్టు పేరే మళ్లీ కృష్ణుడి విశేషణంలో వస్తుంది. ఇక్కడ ముందుండి లాగేది శబ్దం. చందనాన్ని చందనశీతలుడి గురించి, కుందాన్ని కుందరదనుడి గురించి అడగడంలో ఆట ఎక్కువ. ఒక్కో చెట్టుకూ ఒక్కో తత్త్వార్థం అంటగట్టబోతే రెండు పాదాలు దాటకముందే అలసిపోతారు. వెతికేవాళ్లకు ఏ చెట్టు పేరెత్తినా అతనే వినబడుతున్నాడు, సీసం మొత్తానికి కలిపి చెప్పగలిగింది అదీ.

ఒక్క చోట మాత్రం ఆగండి: "వంశంబ! కానవే వంశధరుని". వెదురును అడుగుతున్నారు, వేణువు పట్టినవాడి గురించి. మిగతా చెట్లకు అతనితో చుట్టరికం పేరులో కుదిరింది, వెదురుకు మాత్రం అతని చేతిలోనే ఉంది. గోపికలు అడవిలో దారి తప్పి తిరుగుతుంటే, వాళ్లను ఇళ్లల్లోంచి రప్పించిన పిల్లనగ్రోవి పుట్టింది ఆ పొదలోనే. దీన్ని పై మూడు ప్రశ్నలకూ పెట్టి, నిలబడుతుందో లేదో మీరే తేల్చండి. రెండో ప్రశ్న దగ్గర, వంశధరుడంటే కులాన్ని నిలబెట్టేవాడన్న అర్థం కూడా ఉందని మరిచిపోవద్దు.